మందాకిని తలుపు తీసిన తర్వాత

బోధన్‌లో మా కాశయ్య తాతకు శత్రువులు ఇద్దరే. ఒకటి దయ్యం, రెండోది టీవీ. దయ్యం ఆయనకు ఎన్నడూ కనబడలేదు. టీవీ మాత్రం మంచానికి ఎదురుగానే ఉండేది, దాని రిమోటు ఆయన భార్య భూమవ్వ దిండు కింద ఉండేది.

చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో తాత కాంటా దగ్గర పనిచేశాడు. సీజనులో చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారు కట్టేవి. ఒక్కో బండినీ తూకం వేసి చీటీ రాసివ్వడం ఆయన పని. ఎడ్లు కదిలినా, రైతులు తిట్టినా, ముల్లు నిలబడేదాకా ఆయన కలం కదిలేది కాదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. చింతచెట్టు మీద ఏదో ఉందని ఎవరన్నా అంటే చాలు, నువ్వు చూశావా, చూసినవాడు చెప్పాడా, చూసినవాడికి చెప్పినవాడు చెప్పాడా అని అడిగి అడిగి, పాపం ఆ వచ్చినవాడు చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయేలా చేసేవాడు.

ఆయనకొక సంఘం ఉండేది, హేతువాద సంఘం. సైకిల్ షాపు మీద ఒక గది, గదిలో ఒక బల్ల, బల్ల చుట్టూ ఐదుగురు ముసలివాళ్లు. నెలకొకసారి కూర్చుని, జనంలో మూఢనమ్మకాలు పెరిగిపోతున్నాయని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. అందరూ ఒప్పుకునే సంగతే కాబట్టి గొడవలు ఉండేవి కావు. అప్పుడప్పుడు కరపత్రాలు వేసేవాళ్లు. తాతే రాసేవాడు, తాతే పంచేవాడు. ఒకసారి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొంటే ఆయన కరపత్రంలోనే చుట్టి ఇచ్చారు. తాత బజ్జీలు బండి మీదే పెట్టేసి, నూనె మరకల మధ్య తన వాక్యాలన్నీ చదువుకుని, ఫరవాలేదు బాగానే రాశానని కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఒట్టి చేతులతో వచ్చినందుకు అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ కరపత్రాల్లో మొదటిది ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు.

కొడుకు రాజశేఖర్ పుట్టడానికి ముందు తాతకూ అవ్వకూ ఒక ఆడపిల్ల ఉండేది. సుకన్య. ఏడేళ్లప్పుడు చెరుకు తోట గట్టు మీద పాము కరిచింది. తాత కాంటా దగ్గర ఉన్నాడు, బండ్ల బారు తెగలేదు, కబురు ఆయనదాకా రాలేదు. అవ్వ పిల్లను భుజాన వేసుకుని పక్క ఊళ్లో పాము మంత్రం వేసే మనిషి దగ్గరికి పరుగెత్తింది. అప్పట్లో అందరూ అక్కడికే పోయేవాళ్లు. ఆ మనిషి వేపమండలు ఆడించాడు, తాడుకు ముడులు వేశాడు, విషం దిగుతోందన్నాడు. తెల్లారేసరికి పిల్ల లేదు. మరుసటి ఏడు తాత సంఘంలో చేరి, పాముకాటుకు మంత్రం లేదు, దవాఖానే దిక్కు అని కరపత్రం రాశాడు. అవ్వకు చదువు రాదు. పక్కింటామె దాన్ని వాకిట్లో నిలబడి చదివి వినిపించింది. అవ్వ చెరుగుతున్న చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె తాత ముందు సుకన్య పేరు ఎత్తలేదు. తాత కూడా ఎత్తలేదు. ఆయన కరపత్రాలు రాస్తూ పోయాడు, ఆమె పిల్ల రాత అంతేనని అనుకుంటూ పోయింది. ఒకే పొయ్యి మీద వండుకు తింటూ ఇద్దరూ అలాగే ముసలివాళ్లయ్యారు.

తర్వాత అవ్వకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు నిజామాబాద్ దవాఖానలో డయాలసిస్. మిగతా రోజులు మంచం, మంచం ఎదురుగా ‘ఏడు గడపల ఇల్లు’ అనే సీరియలు. పెద్ద బంగళా. ఆ ఇంటి పెద్దకోడలు మందాకిని. ఆమె బిడ్డ బావిలో పడి చనిపోయింది. పొద్దు గూకగానే ఆ ఇంట్లో పిల్ల గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. భైరవయ్య అనే మంత్రగాడు ఆ చప్పుడు పేరు చెప్పి ఇల్లంతా తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. తాత పేపరు అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటించేవాడు. భైరవయ్య నిమ్మకాయ కోసినప్పుడల్లా పేపరు వెనక నుంచి ముక్కుతో ఒక చప్పుడు వచ్చేది.

ఒకనాడు మందాకిని గజ్జెల చప్పుడు విని గది తలుపు తీయబోయింది. చేయి గడియ మీద ఉండగా ఆ రోజు భాగం అయిపోయింది. మర్నాడు ఆ సమయానికి డాన్సు పోటీలు వచ్చాయి. ఆ మర్నాడూ అవే. సీరియలు మధ్యలోనే ఆపేశారని రాజశేఖర్ భార్య స్నేహలత ఫోనులో చూసి చెప్పింది. అవ్వ నమ్మలేదు. కొన్నాళ్లు ఆ ఎగిరే పిల్లల ముందు కూర్చుని మందాకిని కోసం చూసింది. తర్వాత టీవీ బంద్ చేసి, ఆ వేళకు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అన్నం సగం వదిలేసేది.

శత్రువు నోరు మూతపడ్డందుకు తాత సంబరపడాలి. పడ్డాడు కూడా, కంచంలో అన్నం మిగలడం కంటబడేదాకా. ఒక సాయంత్రం మంచం పట్టె మీద కూర్చుని, "ఏమే, పండుకున్నవా? మందాకిని తలుపు తీసింది గదా, లోపట ఏముందో ఎరుకేనా?" అన్నాడు.

అవ్వ గోడవైపు నుంచే, "ఏముంది?" అంది.

తాతకు తెలిస్తే కదా. గొంతు సవరించుకుని, లోపల ఎవరూ లేరన్నాడు. కిటికీ తెరిచి ఉంది, చప్పుడు మాత్రం ఆగలేదు. మందాకిని వణుకుతూ దీపం పట్టుకుని వంగి చూస్తే, మంచం కింద ఒక పిల్లి, దాని మెడకు గజ్జె. "పిల్లికి గజ్జె ఎవరు కట్టిన్రు?" అని అవ్వ ఇటు తిరిగింది. అది రేపు చెప్తానని తాత లేచి పోయాడు. ఆ విద్య ఆయనకు పేపరు వెనకే అబ్బింది. ఆ పూట అవ్వ కంచం ఖాళీ చేసింది.

అలా మొదలైంది. రోజూ సీరియలు వేళకు తాత వచ్చి కూర్చునేవాడు. మనుషులు సీరియలు వాళ్లే, బంగళా సీరియలు వాళ్లదే. జరిగేది మాత్రం తాతది. మందాకిని ఇప్పుడు ప్రతిదానికీ ఆగి చూసేది. ఇంటి మీద రాళ్లు పడితే, ఎటువైపు నుంచి పడుతున్నాయని చూసేది. ఫొటోలోంచి బూడిద రాలితే, చట్రం విప్పి చూసేది. ఇది దయ్యం పనే అయితే ఏమేం కనబడాలి, మనిషి పనైతే ఏమేం కనబడాలి అని వేళ్లు మడిచి లెక్క వేసుకునేది. అచ్చం కాంటా గుమాస్తా లాగే. సీరియల్లో పట్టుచీర కట్టుకుని ఏడ్చే మనిషి అంత లెక్కలు వేయడం తాతకు మహా ముచ్చటగా ఉండేది.

అవ్వకు అంత ముచ్చటగా లేదు. ఒకనాడు మధ్యలోనే ఆపింది. "గామెను గంత జల్ది తెలివిగల్లదాన్ని చేయకు. జరంత భయపడనియ్యి. నీ కాయితాలల్ల గూడ గిదే. ఇనేటోనికి భయం తీరకముందే నువ్వు నవ్వుతవ్."

తాత ఆ రాత్రి బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ల కరపత్రాలకు వచ్చిన మొదటి సమీక్ష అది, రాసింది చదువురాని మనిషి, అది కూడా సరిగ్గానే రాసింది. మర్నాటి నుంచి మందాకిని బాగా భయపడసాగింది. భయపడుతూనే దీపం పట్టుకుని వెళ్లేది. కథ అప్పటి నుంచి బాగుపడింది.

స్నేహలత ఊరికే ఉండలేక ఒక భాగం ఫోనులో రికార్డు చేసి తన మహిళా గ్రూపులో పెట్టింది, తర్వాత ప్రతి భాగమూ. ఆ గ్రూపులో చాలామంది ‘ఏడు గడపల ఇల్లు’ ఆగిపోయి మొహాలు వేలాడేసుకున్నవాళ్లే. వాళ్లు తమ చుట్టాలకు పంపారు, చుట్టాలు పక్కనున్న వర్నికి, వర్ని నుంచి ఎక్కడెక్కడికో. సీరియలు వాళ్లే డబ్బుల్లేక టీవీ మానేసి ఫోనులోకి మారారని చాలామంది నమ్మారు. మందాకిని గొంతు ముసలి మగమనిషి గొంతు ఎందుకయిందని ఒకామె అడిగితే, భయంతో బొంగురుపోయిందని ఇంకొకామె జవాబు చెప్పింది.

డయాలసిస్ గదిలో కూడా అదే కథ. గొట్టాలు పెట్టించుకుని నాలుగు గంటలు కదలకుండా పడుకునేవాళ్లకు మందాకిని మంచి తోడు. అక్కడే రెబెకా పరిచయమైంది. ఆమె నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలి. తమ్ముడు దాసుకు కూడా కిడ్నీల జబ్బే, వాడికి తోడు వచ్చేది. ఎప్పుడు చూసినా అరచేతులు పసుపు పచ్చగా, ఏ పెళ్లిలోంచో లేచి వచ్చినట్టు ఉండేది. అవ్వ ఫోను శబ్దం పెంచి పెట్టమని అడిగి వినేది, భాగం అయిపోగానే తాత మీద పడేది. "పెద్దబాపూ, గా భైరవయ్య నిమ్మకాయ కోస్తే నెత్తురెట్ల వస్తది? గది చెప్పకుంటే మాకు పని సాగది."

తాత చెప్పాడు. ఆ భాగంలో మందాకిని భైరవయ్య కత్తిని వాసన చూస్తుంది. సున్నం వాసన. నిమ్మకాయ తొక్కకు పసుపు. మర్నాడు యార్డులో మధ్యాహ్నం అన్నాల వేళ ఒకామె తమలపాకుల డబ్బీలోంచి సున్నం తీసి తన అరచేతికే రాసుకుంది. ఎర్రగా అయింది. పసుపు, సున్నం కలిస్తే ఎరుపవుతుందని అక్కడ తెలియని ఆడది లేదు. దిష్టి నీళ్లు వాళ్లు కలిపేది అలాగే. ఆ ఎరుపూ మంత్రగాడి నెత్తురూ ఒకటేనని ఎవరికీ తట్టలేదంతే. ఆ పూట అందరూ ఎర్రటి చేతులు ఒకరికొకరు చూపించుకుని కడుపు పట్టుకుని నవ్వారట. రెబెకా వచ్చి చెబుతుంటే అవ్వ కూడా నవ్వింది. గొట్టం కదులుతుందని నర్సు కసిరింది.

సంఘం జిల్లా కార్యదర్శి మధుకర్‌కు ఇది నచ్చలేదు. నిజామాబాద్‌లో కాలేజీ లెక్చరరు, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునే మనిషి. బోధన్ వచ్చి తాతను మందలించాడు. వేరేవాళ్ల కథకు తోక తగిలించడం ఏమిటి, అది కూడా సీరియలుకు, మన ఉద్యమానికి ఒక గౌరవం లేదా అన్నాడు. ఇలాంటి తోకల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని, వయసులో ఉన్న పిల్లలు రాసుకుంటారని కూడా చెప్పాడు. తాత నొచ్చుకున్నాడు. అయితే ఆ నెల సమావేశానికి ఐదుగురు ముసలివాళ్లు, వాళ్లతో మధుకర్ మెట్లెక్కి వెళ్లేసరికి గదిలో కూర్చోవడానికి చోటు లేదు. మెట్ల మీద చెప్పులే చెప్పులు. అంతా ఆడవాళ్లు. మందాకిని చేసే పని చేసే సంఘం ఇదేనా అని అడిగారు. ఔనన్నాడు తాత. మధుకర్ చొక్కా నలిగేలా గోడకు అతుక్కుని నిలబడాల్సి వచ్చింది.

ఆ ఎండాకాలం రెబెకా వాళ్ల గల్లీలో ఇద్దరు పిల్లలకు జ్వరాలొచ్చాయి. ఒంటరిగా ఉండే ఒక ముసలామె బాణామతి చేసిందని పుకారు లేచింది. కొందరు మగవాళ్లు ఆమె ఇంటి మీదికి వచ్చేసరికి, రెబెకా, ఇంకా పసుపు చేతుల ఆడవాళ్లు ఆ గడప మీద వరుసగా కూర్చుని ఉన్నారు. ఎవరు చూశారు, ఏం చూశారు, ఎప్పుడు చూశారు అని అడగడం మొదలుపెట్టారు. సాయంత్రందాకా అడుగుతూనే ఉన్నారు. పోలీసులు వచ్చారు, పిల్లల్ని దవాఖానకు తీసుకుపోయారు, పిల్లలు బతికారు. "మందాకిని అయితే గట్లనే చేస్తుండె గదా" అంది రెబెకా, పెద్ద విశేషం కానట్టు.

తాత ఆ మాట విని బజారుకు పోయి కొత్త చొక్కా కొనుక్కున్నాడు. మాట్లాడే ముందు రేడియోవాళ్లలా దగ్గడం నేర్చుకున్నాడు. మధుకర్ కూడా మారిపోయాడు. నిజామాబాద్‌లో హాలు మాట్లాడి, పెద్ద సభ పెడదాం, మందాకిని చివరి భాగాన్ని నువ్వే వేదిక మీద చెప్పాలి కాశయ్యన్నా అన్నాడు. చివరి భాగంలో గజ్జెల చప్పుడు ముడి విడిపోవాలి. చనిపోయిన బిడ్డ రాదని మందాకిని తన నోటితో చెప్పాలి. ఇన్ని వందలమంది ఆ మాట కోసమే వస్తారన్నాడు. తాత ఒప్పుకున్నాడు. జీవితంలో అంత సంతోషంగా ఆయన ఎన్నడూ లేడు.

ఆ సంతోషంలో ఆయనొకటి గమనించలేదు. అవ్వ నవ్వడం మానేసింది. కథ వింటోంది, భాగాలేమీ వదలడం లేదు, కానీ అయిపోయాక కండ్లు మూసుకుని ఉండిపోతోంది. ఒక సాయంత్రం తాత ముగించి లేవబోతుంటే చేయి పట్టుకుని, కొడుకు పేరుతో పిలిచింది.

"రాజు బాపూ. రాళ్ల మీద చెప్పినవు, బూడిద మీద చెప్పినవు, నిమ్మకాయ మీద చెప్పినవు. పాము మీద చెప్పలే."

తాత మళ్లీ పట్టె మీద కూర్చున్నాడు.

"గప్పుడు దవాఖానకు తీస్కపోతే బతికేదేనా?"

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర అచ్చయిన జవాబు ఉంది. ఎన్నో ఊళ్లలో ఎన్నో చేతుల్లో పెట్టిన జవాబు. ఆ మంచం దగ్గర అది నోట్లోంచి రాలేదు. "ఏమో, చెప్పలేం" అన్నాడు. కాంటా ముల్లు నిలబడ్డాక కూడా చీటీ రాయకపోవడం ఆయనకు అదే మొదటిసారి. అవ్వ ఆయన మొహంకేసి చాలాసేపు చూసి, చేయి వదిలేసింది. కరపత్రం చెప్పలేకపోయినదాన్ని ఆమెకు మందాకిని చెప్పేసింది. రాత అనేది లేదని తెలిశాక, ఆ రోజు పిల్లను భుజాన వేసుకుని ఎటు పరుగెత్తిందో అదొక్కటే మిగిలింది ఆమెకు.

కొన్ని రోజుల తర్వాత అవ్వ అడిగింది. "ఆఖర్ల మందాకిని బిడ్డ ఒక్కపాలి రావాలె. తల్లితోని మాట్లాడాలె. నీ తప్పేం లేదవ్వా అని చెప్పి పోవాలె. గంతే."

అది కుదరదన్నాడు తాత. నెమ్మదిగానే చెప్పాడు. సభ ఉంది, రెబెకా లాంటివాళ్లు ఉన్నారు, గడప మీద కూర్చున్నవాళ్లు ఉన్నారు. కథలో ఒక్కసారి దయ్యాన్ని రానిస్తే, రేపు గల్లీలో భైరవయ్య లాంటివాడు వచ్చి, మీ మందాకినికే కనబడింది గదా అంటాడు. అప్పుడు వాళ్లేం చెప్పాలి? ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. అవ్వ కూడా కాదనలేదు. "కథనే గదా" అని ఒక్కసారి అని ఊరుకుంది. మళ్లీ అడగలేదు. మళ్లీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలైంది.

సభకు ఇంకా కొన్నాళ్లుందనగా అవ్వ ఒళ్లు డయాలసిస్‌ను తట్టుకోవడం మానేసింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దారంతా రాజశేఖర్ ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాడు. తాత వెనక సీట్లో అవ్వ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అప్పుడే తేల్చుకున్నాడు.

ఆ సాయంత్రం సీరియలు వేళకు తాత వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. స్నేహలతను ఫోనులో రికార్డు పెట్టమన్నాడు. అందరూ వినాలి, మధుకర్ వినాలి, సంఘం గది మెట్ల మీద చెప్పులు విడిచే ప్రతి మనిషీ వినాలి, ఏమన్నా అననియ్యి అనుకున్నాడు. ముప్పై ఏళ్ల పరువు తీసి ఆ మంచం మీద పెట్టడానికి సిద్ధమయ్యాడు. గొంతు సవరించుకున్నాడు. రేడియో దగ్గు రాలేదు, మామూలు దగ్గే వచ్చింది.

మందాకిని గదిలో ఒంటరిగా కూర్చుంది అన్నాడు. దీపం కొండెక్కింది. గజ్జెల చప్పుడు వినబడింది. ఈసారి పిల్లి లేదు, తెరిచిన కిటికీ లేదు, ఎవరూ లేరు. గుమ్మంలో బిడ్డ నిలబడి ఉంది. జడలు విడిపోయి ఉన్నాయి. అమ్మా అని పిలిచింది...

అవ్వ చేయి లేచింది. గాలిలో తడుముకుని, ఆయన మోకాలు మీద పడింది.

"బంద్ చేయి" అంది స్నేహలతతో. స్నేహలత ఫోను ఆపేసింది.

"నువ్వడిగిందే గదా" అన్నాడు తాత.

"అడిగిన." ఆయాసం తీర్చుకోవడానికి చాలాసేపు పట్టింది ఆమెకు. "ఇన్నొద్దులు నువ్వు చెప్పేది నిజమని నమ్ముకుంట వచ్చిన. నా బిడ్డ సంగతి గూడ నమ్మిన. గిప్పుడు నా మీద పావురంతోని, జాలితోని నువ్వు అబద్ధమాడితే, నాకు మిగిలింది గూడ పాయె."

తాతకు ఏడుపు ఆగలేదు. సుకన్య పోయినప్పుడు కూడా ఎవరి ముందూ ఏడవని మనిషి, కోడలి ముందు కొత్త చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. అవ్వ ఆయన్ని ఏడవనిచ్చింది. ఓదార్చలేదు. కొంతసేపటికి, పిల్ల రాదు గానీ పిల్ల ఎట్లుండేదో చెప్పమంది. అది అబద్ధం కాదు గదా అంది.

అప్పుడు వాళ్లిద్దరూ సుకన్య గురించి మాట్లాడుకున్నారు. పిల్ల కాంటా దగ్గరికి వచ్చి, తనను తూకం వేయమని గొడవ చేసేదట. తాత బండి వెనకాలే కాంటా మీద నిలబెట్టి, చెరుకు కంటే నువ్వే బరువు అనేవాడట. జడ వేస్తుంటే నిలబడేది కాదట, సగం జడతోనే బడికి పరుగెత్తేదట. ఎడమచేతివాటమా కాదా అన్న దగ్గర ఇద్దరికీ చిన్న గొడవ కూడా అయింది. ఎడమేనని అవ్వ, కాదని తాత. ఏదీ తేలలేదు. అడగడానికి మనిషి లేదు. ఆ సంభాషణ ఎవరూ రికార్డు చేయలేదు.

నాలుగో రోజు పొద్దున అవ్వ పోయింది.

సభ జరగలేదు. ఫోనులో వందలమంది, మందాకిని ఏమైందని అడుగుతూనే ఉన్నారు. అవ్వ సంగతి తెలిసినవాళ్లు బోధన్‌కు బయల్దేరారు. రెబెకా, యార్డు ఆడవాళ్లు ఒక ఆటోలో వచ్చారు. మధుకర్ వచ్చాడు. మూడో నాడు పిట్టముట్టుడు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ చూడాలి. ముట్టకపోతే పోయినామెకు ఏదో కోరిక మిగిలిపోయిందని, ఆ కోరిక తీరుస్తామని ఇంటివాళ్లు పైకి చెప్పాలి. తాత ఇన్నేళ్లలో ఎవరి పిట్టముట్టుడుకూ పోలేదు, తన సొంత తల్లికి కూడా. ఈసారి రాజశేఖర్ అడగకముందే చెప్పులు వేసుకుని నిలబడ్డాడు.

కాలువ గట్టు మీద విస్తరి పెట్టారు. జొన్నరొట్టె, కోడికూర, మామిడికాయ తొక్కు. ఉప్పు తినొద్దు, నీళ్లు కొలిచి తాగు అని ఇన్నాళ్లూ అవ్వకు అడ్డం నిలబడ్డ స్నేహలత, పక్కన చెంబు నిండా నీళ్లు పెట్టి వెనక్కి తిరిగి నిలబడింది.

కాకి రాలేదు. దూరంగా చెరుకు తోట మీద రెండు తిరుగుతున్నాయి, ఇటు చూడటం లేదు. ఎండ ముదిరింది. అవ్వ తమ్ముడు హన్మాండ్లు దగ్గరికి వచ్చి, "బావా, అక్కకు ఏదో మనసుల ఉండిపోయినట్టుంది. అదేందో నీకెరుకుంటది. తీరుస్తనని ఒక్క మాట అను" అన్నాడు.

తాతకు ఎరుకే. బిడ్డ ఒక్కసారి వచ్చి నీ తప్పేం లేదని చెప్పి పోవడం. మధుకర్ అటు తిరిగి కాలువలో నీళ్లు చూస్తున్నాడు. ఆడవాళ్లందరూ తాత నోటికేసి చూస్తున్నారు, భాగం మొదలయ్యే ముందు చూసినట్టే. ఆ ఒక్క మాట అనడానికి ఎంతసేపు? అవ్వ ఉంటే ఏమనేదో కూడా ఆయనకు తెలుసు.

తాత మాటివ్వలేదు. "గింతమంది మీద పడి నిలబడితే పిట్ట ఎట్ల వస్తది? అందరు జర దూరం పోండ్రి" అన్నాడు.

అందరూ వెనక్కి జరిగారు. రాలేదు. ఇంకా జరగమన్నాడు. జరిగారు. గొడుగులు ముడవమన్నాడు, మిలమిలలాడుతున్న చెంబు మీద తన కండువా కప్పాడు. తను కూడా విస్తరి దగ్గర నుంచి లేచి, నాలుగడుగులు వెనక్కి, తర్వాత ఇంకొంచెం, చివరికి తుమ్మచెట్టు చాటుకు పోయి కూర్చున్నాడు. చుట్టాలు ఒక్కొక్కరే అన్నాలకు ఇంటిదారి పట్టారు. యార్డు ఆడవాళ్లకు ఆటో తొందర. రెబెకా వెళ్లబోతూ ఆయన దగ్గర ఆగి, ఒకసారి ఆయన భుజం మీద చేయి వేసి పోయింది.

స్నేహలత మాత్రం మిగిలింది. "మామా, పోదాం పా. ఎండ దెబ్బ తగుల్తది."

"నువ్వు నడువు" అన్నాడు తాత, విస్తరి మీంచి కండ్లు తిప్పకుండా. "మెల్లగ మాట్లాడు. బెదురుతది."